గోరు మొలిచేదాకా

ఆగస్టు 3, ఆదివారం

అమ్మ బొంతను ఆమె కత్తిరించింది.

ఇది ఎక్కడైనా రాసి పారేయకపోతే నాకు అన్నం సయించదు. చెప్పుకోవడానికి ఈ ఇంట్లో మనిషి లేడు. నాయన ఉన్నాడు కానీ ఆమె గురించి నాయనకు చెబితే ఆయన ముఖం చిన్నబోతుంది. అది నేను చూడలేను.

మధ్యాహ్నం బొంతను ఎండకు వేసి తెచ్చి నా మంచం మీద పరిచాను. అమ్మ తన పాత చీరలన్నీ పేర్చి, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు కుట్టిన బొంత అది. పోయిన వానాకాలం అమ్మ చనిపోయాక నేను దాన్ని ఉతకలేదు. ఎండకు వేస్తాను, అంతే. బట్టలు మడత పెడుతుంటే ఆమె పెంచే కుందేలు నా గదిలోకి దూరి మంచం ఎక్కింది. "పో!" అని అరిచాను. అది బెదిరి దూకింది. వెనక కాలి గోరు బొంత కుట్టులో ఇరుక్కుంది. కాలు పైన, ఒళ్లు కింద, మంచం పట్టె మీద నుంచి తలకిందులుగా వేలాడుతూ కొట్టుకుంది. కుందేలుకు గొంతు ఉంటుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. పసిబిడ్డను గిల్లినట్టు అరిచింది.

ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చేతిలో పాలప్యాకెట్టు కోసే కత్తెర. ఒక చేత్తో కుందేలును పైకెత్తి, రెండో చేత్తో బొంతను కరకరా కోసేసింది. అరచేయంత ముక్క. అమ్మ పసుపు చీర ఉన్న చోట.

"ఏం చేస్తన్నావు?" అన్నాను.

"లాగితే వేలే ఊడొస్తది," అంది నా వైపు చూడకుండా.

"అది మా అమ్మ బొంత!"

"బొంతకు నెత్తురు కారదు గదా."

షాపులోంచి నాయన వచ్చాడు. కనుబొమల మీద దూది. ఇద్దరినీ చూశాడు, కుందేలును చూశాడు. "సరేలే, గమ్మునుండండి ఇద్దరూ. బొంత నేను కుట్టిస్తా తల్లీ. ఆ కాలికింత పసుపు పెట్టండి," అని పోయి మళ్లీ పరుపు ముందు కూర్చున్నాడు. ఇందుకూరుపేటలో సిలార్ పరుపుల షాపు అంటే ఎవరైనా చెబుతారు, ఆ మనిషి గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు లేరని.

మెత్తటి మనిషి కాబట్టే ఆమె ఈ ఇంట్లోకి రాగలిగింది. బోగోలు నుంచి వాళ్ల అన్నలు వచ్చి నాయన కాళ్ల మీద పడ్డారంట. మా చెల్లెల్ని మొగుడు వదిలేసినాడు, ఒంటరిగా పడుంది, నీడ ఇవ్వమని. కాదనలేకపోయాడు. ఆ మాట చెప్పేటప్పుడు నాయన కళ్లలో నీళ్లు. ఆ నిఖాకు నేను పోలేదు. రంజాన్ అయిన వారానికే ఆమె ఆటోలో దిగింది, ఒక కుట్టుమిషను, ఒక కుందేలుతో.

నెత్తురు మరక బొంత మీద అలాగే ఉంది.

ఆగస్టు 4

కుందేలు కుంటుతోంది. నాకు సంబంధం లేదు.

ఆగస్టు 5, మంగళవారం

పొద్దున ఆమె పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని దాని కాలు కడగాలని చూసింది. గిన్నెలో గోరువెచ్చటి ఉప్పునీళ్లు. కుందేలును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఒక చేత్తో అదుముతూ, ఇంకో చేత్తో కాలు పట్టుకోబోతుంది. అది తన్నుతుంది. నీళ్లన్నీ పోతాయి. మళ్లీ పొయ్యి మీద కాచి తెచ్చుకుంటుంది. ఆమె మోచేతుల నిండా గీతలు. గోరు సగం ఊడి వేలాడుతోంది, పెట్టిన పసుపులో ఇసుక అంటుకుని గట్టిపడింది.

పక్కింటి కామాక్షి అక్క గోడ మీద నుంచి చూసింది. "ఈగలు వాలనీయబాకమ్మే సాహిరా. పోయినేడు మా మేకపిల్లకు ఇట్టాగే పుండై పురుగులు పడినయ్," అంది.

అది విన్నాక ఆమె చేతులు ఇంకా తడబడ్డాయి.

నేను కాలేజీకి బస్సు పట్టుకోవాలి. పెరడంతా బురద చేస్తోంది, దాంట్లోంచే నడవాలి. అందుకే వెళ్లాను.

"వెల్లకిలా వేస్తే తన్నక ఏం చేస్తది? తువ్వాలు చుట్టి రొమ్ముకానించుకో," అన్నాను.

"చుట్టేదానికి నాకు నాలుగు చేతులున్నాయా?"

తువ్వాలు నేనే చుట్టాను. ఆమె పట్టుకుంది. నేను కాలు ముంచాను. ఆ గోరు మొదట్లో ఎర్రగా, దానిమ్మ గింజలా ఉంది. కాలు నా వేళ్ల మధ్య వణుకుతోంది. దాని గుండె అంత వేగంగా కొట్టుకోవడం కాలి దాకా తెలుస్తోంది.

"మెల్లిగా," అంది.

"తెలుసు."

"తెలిస్తే చెయ్యి."

బస్సు పోయింది. ఆమె వల్లే.

ఆగస్టు 6

గోరు తనంతట తానే ఊడదని పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. నాయనే తీసుకుపోవచ్చు గదా. "షాపు మూసేదెట్టా తల్లీ, నువ్వు పోయి రా, ఆమెకు ఈ ఊరు తెలీదు గదా," అన్నాడు. నాలుగు నెలలుగా ఉంటోంది, ఊరు తెలియకపోవడం ఏమిటి? కానీ నాయన అడిగాడు కాబట్టి పోయాను.

ఆటోలో బుట్ట మా ఇద్దరి మధ్య పెట్టుకున్నాం. ఆమె ఆ వైపు చూసింది, నేను ఈ వైపు.

డాక్టరు అప్పుడే ఒక గేదెకు సూది వేసి చేతులు కడుక్కుంటున్నాడు. "కుందేలా!" అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. వేలాడే గోరు ముక్కను చిన్న కత్తెరతో తీసేశాడు. నెత్తురు చివ్వున వచ్చింది. దూది పెట్టి అదిమి చాలాసేపు అలాగే ఉండమన్నాడు. పసుపు ముద్దలు పెట్టొద్దు, ఉప్పునీళ్లలో రెండుపూటలా కాలు ముంచి తడి లేకుండా అద్దండి, ఇసుక మీదా ఇనుప జాలీ మీదా వదలొద్దు, మెత్తటి గుడ్డ మీద ఉంచండి, అన్నాడు. మనుషుల మాత్రలు నలిపి నోట్లో పోస్తే కడుపు చెడి చచ్చిపోతుందంట. ఒక పూట మేత ముట్టకపోయినా పరుగెత్తుకు రమ్మన్నాడు.

"వెన్ను చానా సున్నితం దీనికి. తన్నుకుంటే అదే విరుచుకుంటది. ఒకరు గట్టిగా పట్టుకోవాల, ఇంకొకరు కడగాల. ఒక్కరితో అయ్యే పని కాదు. మీరిద్దరున్నారు గదా. ఏం వరస మీకు?"

"మా నాయన భార్య," అన్నాను.

"నా మొగుడి కూతురు," అంది ఆమె.

డాక్టరు మా ఇద్దరినీ చూసి, కుందేలు చెవులు నిమిరాడు.

ఆగస్టు 8, శుక్రవారం

రెండుపూటలా కాలు. మిగతా వేళల్లో మాటల్లేవు.

ఆమె ఎలాంటి మనిషో రాసి పెట్టుకోవాలి, లేకపోతే రేపు కుందేలును ఎత్తుకుని కూర్చున్నప్పుడు చూసి మంచిదనుకునే ప్రమాదం ఉంది. మంచిది కాదు. నేను పెట్టిన టీ ఒక గుక్క తాగి సింకులో పోసింది. నా చున్నీ తాడు మీద నుంచి తీసి మూలకు విసిరి తన చీర ఆరేసుకుంది. ఈ పొద్దు కాలు అద్దుతుంటే, "ఇంత మొరటు చేతులేందిమే? మీ అమ్మ నీకు ఒక పని కూడా నేర్పలేదా?" అంది.

"ఈ నోటికేనా నీ మొగుడు వదిలేసి పోయింది?" అన్నాను.

ఆమె కుందేలును ఇంకొంచెం దగ్గరగా అదుముకుంది. తువ్వాలు కొస ఆమె పిడికిట్లో నలిగిపోయింది.

అనాల్సిందే. అమ్మ మాట ఎత్తింది.

కాలేజీ గేటు దగ్గర గరిక ఏపుగా ఉంది. ఊరికే పోతుంది కదా అని పీక్కొచ్చాను. ఆమె పెట్టిన కొత్తిమీర ముట్టలేదు. నా చేతిలో గరిక తినింది.

ఆగస్టు 9

కత్తిరించిన చోట బొంత కుట్టి ఇస్తానని ఆమె గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. ముట్టుకుంటే ఊరుకోనని చెప్పాను. "అయితే అట్టాగే చింపిరిగా కప్పుకో," అని పోయింది.

ఆగస్టు 10, ఆదివారం

ఏం జరిగిందో వరసగా రాయాలి.

సాయంత్రం కాలు కడుగుతున్నాం. పుండు ఆరుతోంది, చుట్టూ ఎరుపు తగ్గింది. గుడ్డ మార్చలేదని ఆమె మొదలుపెట్టింది. గుడ్డలు ఉతికేది నేను, నీ కుందేలుకు నేను చాకిరీ చేయాలా అన్నాను. అప్పుడు అంది:

"ఇంత కడుపుమంట ఉన్నదానివి, నన్ను తెమ్మని ఎందుకు ఏడ్చినావు?"

"ఎవరు ఏడ్చింది?"

"నువ్వే. మీ నాయన చెప్పినాడు. అమ్మ పోయినకాణ్ణించి నా బిడ్డ అన్నం తినడం లేదు, ఇంట్లోకి ఒక మనిషిని తీసుకరా నాయనా అని నా కాళ్లు పట్టుకుంది, అన్నాడు. ఆ మాటకే నేను ఒప్పుకునింది. లేకపోతే నాకేం తక్కువ? బోగోల్లో నా మిషను, నా గది, నా కుందేలు. ఎవురి ఇంటి గడప తొక్కే అవసరం నాకు లేదు."

నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. "మీ అన్నలు వచ్చి మా నాయన కాళ్ల మీద పడింది మర్చిపోయినావా?"

"ఏ అన్నలు?"

"బోగోలు నించి వచ్చినోళ్లు."

ఆమె కుందేలు కాలు వదిలేసి నా ముఖంలోకి చూసింది. ఇన్ని నెలల్లో అంత నేరుగా చూడటం అదే మొదలు. "నాకు అన్నలే లేరు. మేం ఇద్దరం ఆడబిడ్డలం. మీ నాయనే వచ్చినాడు మా ఇంటికి. రెండుతూర్లు. ఒక్కడే."

అబద్ధాలకోరు. మా నాయన అబద్ధం చెప్పడు.

అడిగితే తేలిపోతుంది. కానీ అడిగితే నాయన నొచ్చుకుంటాడు. ఆమెకు కావలసింది అదే, మా ఇద్దరి మధ్య చిచ్చు పెట్టడం.

ఆగస్టు 11

అడగలేదు.

ఆగస్టు 12

అడగలేదు. నాయనకు పని ఎక్కువగా ఉంది.

ఆగస్టు 13, బుధవారం

కుందేలు పోయింది.

కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె పెరట్లో మంచాల కింద, పొయ్యి వెనక, షాపులో దూదిమూటల మధ్య వెతుకుతోంది. మూట విప్పి చూస్తోంది, దూదిలో దూది రంగు కుందేలు కనబడుతుందని. నన్ను చూడగానే లేచి వచ్చింది.

"యాడ వదిలినావు దాన్ని?"

"నేను పొద్దుననగా పోయినా. నాకేం తెలుసు?"

"పెరటి గేటు ఎవురు తీసింది? నీకే గదా అది ఇంట్లో ఉండకూడదని! మొన్నటి మాటకు కసి తీర్చుకున్నావు!"

"నీ కుందేలు నాకెందుకు? నాకు అక్కర్లేదు!"

"కాలు నయం కాని దాన్ని... నోరులేని దాన్ని... నువ్వసలు ఒక తల్లి కడుపున పుట్టినావా?"

నేను ఆమెను నెట్టాను. ఆమె కుళాయి గట్టుకు తగిలి నిలదొక్కుకుంది. ఆమె కూడా చెయ్యెత్తింది, కొట్టలేదు. కామాక్షి అక్క గోడ అవతల నుంచి అయ్యో అయ్యో అంటోంది.

నాయన షాపు లోంచి వచ్చాడు. "పిల్లి ఎత్తకపోయిందేమో. ఈ సందులో గండుపిల్లి తిరగతా ఉంది. నేనే మధ్యాహ్నం గంప మూసేది మర్చిపోయినా అనుకుంటా," అన్నాడు. తర్వాత, "మెహక్ ఎందుకు చేస్తది సాహిరా, పసిపిల్ల. చేసినా కావాలని చేసి ఉండదు," అన్నాడు.

చేసినా, అన్నాడు.

తర్వాత కూర్చుని అన్నం తిన్నాడు. రొయ్యలు బాగున్నాయని మళ్లీ వేయించుకున్నాడు. ఆమె లోపల తలుపేసుకుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. నన్ను చూసి చిన్నగా నవ్వాడు. "పోనీలే తల్లీ, పీడ పోయింది. ఇంక ఇంట్లో గొడవలుండవు," అన్నాడు.

ఆగస్టు 14, గురువారం

ఈ పొద్దు కాలేజీకి పోలేదు.

పొద్దున బస్టాపు దగ్గర కామాక్షి అక్క పూలు కట్టించుకుంటోంది. "మీ నాయన నిన్న చేపలకు పోయినాడా మే? పొద్దున బండికి బుట్ట కట్టుకోని మైపాడు దారి పట్టినాడే. నాకు రెండు వంజరం ముక్కలు తెమ్మందామనుకుంటే ఆగలేదు," అంది.

నిన్న మా ఇంట్లో చేపలు లేవు. రొయ్యలు ఫ్రిజ్‌లో ఉన్నవే.

బస్సు వచ్చి ఆగింది. ఎక్కలేదు. ఇంటికి వెనక్కి నడిచాను. నాయన షాపులో దారం ఎక్కిస్తూ, "ఏమ్మా, మర్చిపోయినావా ఏదన్నా?" అని అడిగాడు. అవునన్నాను. లోపలికి పోయి ఆమె తలుపు కొట్టాను.

"చెప్పులేసుకో," అన్నాను. "మైపాడు పోవాల."

ఆమె నా ముఖం చూసి చెప్పులు వేసుకుంది.

సముద్రం ఒడ్డున మస్తానయ్య పాక హోటలు నాయనకు ఎప్పటి నుంచో తెలుసు. అక్కడికి కూడా పరుపులు కుట్టి పంపిస్తాడు. పాక పక్కన ఇనుప జాలీ బోనులు. నాలుగు సీమకోళ్లు, రెండు పావురాలు, కింది అరలో మూలకు నక్కి కుందేలు. కాలు ఉబ్బిపోయి ఉంది. ఆరిన పుండు జాలీకి ఒరుసుకుని మళ్లీ తెరుచుకుంది. దాంట్లో ఇసుక. ముందర పెట్టిన క్యాబేజీ ఆకు ముట్టినట్టు లేదు.

మస్తానయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మంచివాడే. "సిలారన్న ఇచ్చిపోయినాడమ్మా. రేపు సెలవు గదా, పిలకాయలు చూసి ముచ్చట పడతారని పెట్టినా. దాని కాలు చూసి పాప తట్టుకోలేకపోతుంది, అన్నం మానేసి ఏడస్తా ఉంది, కండ్లకు కనపడకుండా యాడన్నా ఉంచన్నా అన్నాడు."

"ఏ పాప?" అన్నాను.

ఆయన తడబడ్డాడు. "నువ్వు గాదా, మెహక్?"

అన్నం మానేసింది నేనే. కాళ్లు పట్టుకుంది నేనే. ఏడ్చింది నేనే. ఊరూరా నా ఏడుపు చెప్పుకుని మా నాయన తనకు కావలసింది చేసుకుంటున్నాడు.

ఆమె బోను తలుపు తనే తీసి, కుందేలును చీర కొంగులో చుట్టి తీసుకుంది.

"మళ్లా అన్న వచ్చి అడిగితే ఏం చెప్పేదమ్మా?" అన్నాడు మస్తానయ్య.

"మా కుందేలు, మేం తీసకపోయినాం అని చెప్పు," అన్నాను.

ఆటోలో ఆమె చేతుల్లోంచి నేను తీసుకున్నాను, కుందేలును. దారంతా పోట్లాడుకున్నాం. నువ్వు ఆ పొద్దు అరవకపోతే అది దూకేదే కాదని ఆమె. నువ్వు నీ గది తలుపు మూసుకుని ఉంటే అది వచ్చేదే కాదని నేను. నిన్న నన్ను దొంగను చేసినావు అన్నాను. క్షమించమని అనలేదు. "నువ్వు నన్ను నెట్టినావు," అంది. ఆటో అతను అద్దంలో చూస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి దగ్గర దిగాం. డాక్టరు కసురుకున్నాడు, కడిగి సూది వేశాడు. సాయంత్రానికల్లా మేత ముట్టాలి, లేకపోతే కష్టం అన్నాడు.

ఇల్లు చేరాక ఆమె నాతో అన్న మొదటి మాట, "నీళ్లు కాయి."

ఆగస్టు 15

నిన్నటిది ఇంకా ఉంది. చేయి నొప్పెట్టి ఆపేశాను.

పెరట్లో కూర్చుని కాలు ముంచాం. గిన్నెలో నీళ్లు ఎర్రబడ్డాయి. నాయన లోపలికి వచ్చి, మమ్మల్ని చూసి, కుందేలును చూసి, గుమ్మంలో ఆగిపోయాడు. ముఖాన అదే నవ్వు తెచ్చుకున్నాడు.

"దొరికిందా? యాడ దొరికింది?"

పోయిన వారమైతే నేను ఆ నవ్వుకు కరిగిపోయేదాన్ని.

"నాయనా," అన్నాను. "ఇంట్లోకి మనిషిని తీసుకరమ్మని నేను నీ కాళ్లు పట్టుకున్నానా?"

"ఇప్పుడెందుకమ్మా అదంతా..."

"ఆమె ముందర చెప్పు. పట్టుకున్నానా?"

ఆయన గుమ్మానికి చేయి ఆనించాడు. "లేదు."

"నా అన్నలు వచ్చి నీ కాళ్ల మీద పడినారా?" అని ఆమె అడిగింది. గొంతు పెంచలేదు. కుందేలు బెదురుతుందని.

"లేదు."

"మరి ఎవురు అడిగినారు?" అన్నాను.

ఆయన కనుబొమల మీద దూది తుడుచుకున్నాడు. తర్వాత నేల చూస్తూ చెప్పాడు.

"ఎవురూ అడగలా. నాకే కావాల్సి వచ్చింది. బోగోలుకు పరుపులు ఇయ్యను పోయినప్పుడు చూసినా. మిషను మీద కూచోని కుందేలుతో మాట్లాడతా ఉండింది. నాకూ... ఇంట్లో ఒక మాట లేకుండా ఉండింది. మీ అమ్మ పోయి ఏడాది గూడా కాకముందే నాకే కావాల్సొచ్చిందని నీ ముందర ఎట్టా చెప్పేది తల్లీ? ఆమె ముందర మాత్రం ఎట్టా చెప్పేది, నా కూతురికి ఇష్టం లేదని?"

ఆ మాట ఆ రోజే చెప్పి ఉంటే నేను నాయనతో పోట్లాడేదాన్ని. అన్నం మానేసేదాన్ని, నిజంగానే. కొన్నాళ్లకు సర్దుకునేవాళ్లమో లేదో తెలియదు. కానీ పోట్లాడాల్సింది ఆయనతో. నాలుగు నెలలు ఆయన పరుపు కుట్టుకుంటూ కూర్చుని, మమ్మల్నిద్దర్నీ ఒకరి మీదికి ఒకర్ని వదిలేశాడు. ఎంత మెత్తటివాడో అని ఇద్దరం జాలిపడ్డాం కూడా.

"నిన్న నన్ను దొంగ అంటుంటే అన్నం తిన్నావు," అన్నాను. "రొయ్యలు మళ్లా వేయించుకున్నావు."

ఆయన ఏడ్చాడు. నేను లేచి పోలేదు. నా చేతిలో కాలు ఉంది.

"కాలు సరిగా పట్టుకో," అంది ఆమె.

సరిగా పట్టుకున్నాను.

చీకటి పడేముందు కుందేలు రెండు గరిక పోచలు కొరికింది.

ఆగస్టు 19

నాయన షాపులోనే పడుకుంటున్నాడు. పరుపులకు కొదవ లేదు కదా. కూర ఏమిటని ఈ పొద్దు గుమ్మంలోంచి అడిగాడు. ఎవరం పలకలేదు. తర్వాత ఆమె పళ్లెం తీసుకుపోయి ఆయన ముందర ఠంగుమని పెట్టి వచ్చింది. ఆమె ఇష్టం. నేనైతే పెట్టను.

ఆగస్టు 22

జున్ను నా మంచం ఎక్కింది. దించేశాను. మళ్లీ ఎక్కింది.

దాని పేరు జున్ను. ఆమె పెట్టింది. పేరు కూడా సరిగా పెట్టడం రాదు.

ఆగస్టు 24, ఆదివారం

పుండు మూసుకుంది. డాక్టరు చూసి ఇక రోజూ కడగక్కర్లేదన్నాడు. గోరు మొదలు బతికే ఉందంట, మళ్లీ మొలుస్తుందంట, కానీ వంకర తిరగకుండా అప్పుడప్పుడూ ఇద్దరు పట్టుకుని చూస్తుండాలంట.

వచ్చేటప్పుడు ఆటోలో ఆమె బుట్ట మీద చేయి పెట్టుకుని, రోడ్డు చూస్తూ అంది: "బోగోల్లో నా గది ఇంకా ఎవురికీ ఇయ్యలేదంట. మా చెల్లెలు చెప్పింది."

"అయితే?"

"మీ నాయన మాట మీద వచ్చిన ఇంట్లో ఎట్టా ఉండేది? పోవాల. గోరు మొలిచేదాకా ఉంటా. ఆడ ఒక్కదాన్నే దాన్ని పట్టుకోలేను గదా."

"ఉండు, పో, నీ ఇష్టం," అన్నాను. "నాకేం."

"నిన్నెవురు అడిగినారు? చెప్తన్నా, అంతే."

"కుందేలు గోరు మొలిచేదానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"నాకేం తెలుసు? నెలలు పడుతుందేమో."

ఇంటికి వచ్చాక ఫోన్‌లో వెతికాను. ఒకచోట ఒకలా ఉంది, ఇంకోచోట ఇంకోలా ఉంది. తొందరగా మొలిచేదానికి ఏం పెట్టాలో కూడా రాసి ఉంది. అది చదవలేదు. ఆమెకు చెప్పలేదు.